టర్బో పైపు మార్చేముందు ఒక దారం, ఒక లెక్క

పోయిన మామిడి సీజన్లో నూజివీడు వైపు నుంచి ఒక పికప్ బండి మా షెడ్డుకి నల్లపొగ కక్కుకుంటూ వచ్చింది. బానెట్ ఎత్తితే లోపల టర్బో (పొగ బలంతో తిరిగి గాలిని నొక్కి ఇంజన్‌కి పంపేది) నుంచి ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లబరిచేది) దాకా తళతళా మెరిసే మూడించుల స్టీలు పైపు. దాని ఒక చివర హోస్‌లోంచి ఊడి పక్కకి ఒరిగి ఉంది. "అన్నా, ఇది వేయించి పది రోజులు కాలేదు. మూడుసార్లు ఊడింది. పాత పైపుతోనే బాగా లాగేది" అన్నాడు ఓనరు. పాతది ఎంత సైజని అడిగితే బొటనవేలు, చూపుడువేలు దూరంగా పెట్టి చూపించాడు, రెండించులు ఉంటుందేమో. మరి మూడించులు ఎందుకు వేయించావంటే, "పెద్దది వేస్తే గాలి ఎక్కువ పోద్దన్నారు" అన్నాడు.

పెద్ద పైపులో గాలి తేలిగ్గా పోతుంది, నిజమే. కానీ ఆ బండికి గాలి సరిపోక వచ్చిన బాధ ఎప్పుడూ లేదు. పాత ప్లాస్టిక్ పైపు చీలింది, కొత్తది కావాల్సివచ్చింది, అంతే. చీలిన పైపుకి మందు అదే సైజు మంచి పైపు. ఇలాంటివి చూసీ చూసీ చెబుతున్నాను: టర్బో పైపు విషయంలో సైజు గురించి అందరూ మాట్లాడతారు, జాయింటు గురించి ఎవరూ మాట్లాడరు. బండిని రోడ్డు మీద ఆపేది మాత్రం జాయింటే.

ముందు ఏ పైపో తేల్చుకోండి

టర్బోకి రెండు వైపులా అవుట్‌లెట్ ఉంటుంది. ఒకటి కంప్రెసర్ వైపు: నత్తగుల్ల ఆకారపు అల్యూమినియం గూడులోంచి ఒత్తిడిగా వచ్చే గాలి ఇంటర్‌కూలర్‌కి, అక్కడి నుంచి ఇంజన్‌కి పోతుంది. రెండోది టర్బైన్ వైపు: పోతపోసిన ఇనుప నత్తగుల్లలోంచి పొగ సైలెన్సర్ వైపు పోతుంది, దాన్నే డౌన్‌పైప్ అంటారు. షాపులో "టర్బో అవుట్‌లెట్ పైపు" అని మాత్రమే అడిగితే ఏది చేతికిస్తారో చెప్పలేం. రెండిటికీ వేడి వేరు, లోహం వేరు, లెక్క వేరు. ఇక్కడ ఎక్కువగా మొదటిదాని గురించే చెబుతాను, రోజూ చీలేది, ఊడేది అదే కాబట్టి. డౌన్‌పైప్ గురించి చివర్లో నాలుగు మాటలు.

కంప్రెసర్ వైపు పైపులోనూ రెండు భాగాలు. టర్బో నుంచి ఇంటర్‌కూలర్ దాకా వేడి వైపు. ఇంటర్‌కూలర్ నుంచి ఇంజన్ దాకా చల్ల వైపు. చల్ల వైపు అంటే ఐస్‌లా ఉంటుందని కాదు, చెయ్యి పెట్టగలిగేంత, అదీ ఒక్క క్షణం.

పైపుదే తప్పని నిర్ధారించుకోండి

బండి లాగడం లేదు, ఎక్కడో బుస్సుమంటోంది, డీజిల్ అయితే నల్లపొగ, స్కానర్ పెడితే పి0299, అంటే బూస్ట్ (టర్బో నొక్కి పంపే గాలి ఒత్తిడి) తక్కువ అనే కోడ్. ఇవన్నీ పైపు చీలినా వస్తాయి, క్లిప్పు వదులైనా వస్తాయి, టర్బోలో వేన్లు, అంటే కదిలే చిన్న రెక్కలు, అంటుకున్నా, వాక్యూమ్ గొట్టం ఊడినా వస్తాయి. కొత్త పైపు కొనేముందు పాతదాన్ని విప్పి, లోపల బట్టతో తుడిచి, వెలుతురుకి పట్టి చూడండి. ప్లాస్టిక్ పైపుల చీలిక ఎక్కువగా రెండు చోట్ల దొరుకుతుంది: అచ్చులో రెండు సగాలు అతికించిన గీత వెంబడి, క్లిప్పు కూర్చునే మెడ దగ్గర. చేత్తో కొంచెం మెలిపెడితే చీలిక నోరు తెరుస్తుంది. ఊరికే చూస్తే కనబడదు. రబ్బరు హోసైతే బయట బాగానే ఉండి లోపలి పొర ఊడి పడుతుంది, అందుకే వేలు పెట్టి తడమాలి.

లోపల కొంచెం ఆయిల్ తడి ఉంటే కంగారు పడకండి. ఇంజన్ శ్వాస గొట్టం (బ్రీదర్) నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి ఆ దారినే పోతుంది. వంచితే కారేంత ఆయిల్ ఉంటే మాత్రం పైపు సంగతి పక్కనబెట్టి టర్బో సీలు, బ్రీదర్ చూపించుకోండి.

కొలవండి, కానీ ఏ అంచు నుంచి ఏ అంచుకో రాసుకోండి

ఇక్కడ చాలామంది తడబడతారు. హార్డ్‌వేర్ షాపుకెళ్ళి రెండించుల పైపు అంటే నీళ్ళ పైపు ఇస్తారు. దాని బయటి వ్యాసం 60.3 మి.మీ. సైలెన్సర్ పనివాళ్ళ దగ్గర రెండించుల ట్యూబ్ అంటే బయటి వ్యాసం 50.8. రెండూ రెండించులే! నీళ్ళ పైపుకి ఆ పేరు లోపలి రంధ్రాన్ని బట్టి ఎప్పుడో స్థిరపడింది, ట్యూబ్‌కి బయటి కొలతే పేరు. ఒకటిన్నర ఇంచు నీళ్ళ పైపు కొలిచి చూడండి, బయట 48.3 ఉంటుంది. సిలికాన్ హోస్ కొలత మళ్ళీ లోపలిది: 51 మి.మీ. హోస్ 50.8 ట్యూబ్ మీద సరిగ్గా ఎక్కుతుంది. అందుకే ఇంచుల్లో అడగకండి. "బయట 50.8, మందం ఒకటిన్నర" అని మిల్లీమీటర్లలో అడిగితే వాదన ఉండదు.

వెర్నియర్ ఉంటే సరే. లేకపోతే దారం తీసుకుని పైపు చుట్టూ ఒక చుట్టు చుట్టి, రెండు కొసలూ కలిసిన చోట గోరుతో నొక్కి, స్కేలు మీద పెట్టండి. వచ్చినదాన్ని 3.14తో భాగిస్తే వ్యాసం. 160 మి.మీ. దారం వచ్చిందంటే పైపు 51. పాత పైపు కోడిగుడ్డులా సాగి ఉన్నా దారం కొలత పెద్దగా మోసం చేయదు. వెర్నియర్ అక్కడ మోసం చేస్తుంది.

నాలుగు చోట్ల కొలవాలి: టర్బో మూతి, ఇంటర్‌కూలర్ లోపలికి, ఇంటర్‌కూలర్ బయటికి, ఇంజన్ ఇన్‌టేక్ మూతి. ఈ నాలుగూ ఒకే సైజు ఉండాలని లేదు. ఎక్కడ సైజు మారుతుందో అక్కడ రెడ్యూసర్ హోస్ కావాలి. గాలికి మెట్టులా ఒక్కసారిగా మారడం నచ్చదు, వాలులా మారాలి.

ఇప్పుడు లెక్క, పదో తరగతి లెక్కే

ఫోర్ స్ట్రోక్ ఇంజన్ రెండు చుట్లకి ఒకసారి తన సీసీ అంత గాలి పీలుస్తుంది. ఆ మామిడి పికప్‌నే తీసుకుందాం. 2.5 లీటర్ల డీజిల్, గట్టిగా తొక్కితే 3200 ఆర్‌పీఎమ్. రెండున్నర లీటర్లని 1600తో గుణిస్తే నిమిషానికి 4000 లీటర్లు. సిలిండర్ పూర్తిగా నిండదు కాబట్టి 90 శాతం వేసుకోండి, 3600. సెకనుకి 60 లీటర్లు. ఇది ఇంటర్‌కూలర్ దాటాక ఒత్తిడిలో ఉన్న గాలి పరిమాణం, అంటే చల్ల వైపు పైపులో నిజంగా నడిచే లీటర్లు.

వేడి వైపు అదే గాలి ఇంకా ఉబ్బి ఉంటుంది. ఎండాకాలం 40 డిగ్రీల గాలిని 1.2 బార్ బూస్ట్‌కి నొక్కితే, కంప్రెసర్ 70 శాతం సామర్థ్యంతో పనిచేస్తోందనుకుంటే, బయటికి వచ్చేసరికి 150 డిగ్రీలు దాటుతుంది. అది ఇంటర్‌కూలర్‌లో 60కి దిగిందనుకుందాం. అంటే వేడి వైపు సుమారు 77 లీటర్లు.

లీటర్లని సీసీ చేసి, పైపు లోపలి వైశాల్యంతో భాగిస్తే గాలి వేగం వస్తుంది. లోపల 50 మి.మీ. ఉన్న పైపు వైశాల్యం 19.6 చదరపు సెంటీమీటర్లు. 77,000ని 19.6తో భాగిస్తే సెకనుకి 3900 సెంటీమీటర్లు చిల్లర, అంటే 39 మీటర్లు.

39 అంటే ఎక్కువా తక్కువా? ధ్వని వేగంలో 0.4 వంతు దాకా, అంటే సెకనుకి 130 మీటర్ల పైచిలుకు దాకా పోవచ్చని టర్బో పనివాళ్ళు పైహద్దు పెట్టుకుంటారు. రోజూ తిరిగే బండికి నేను 70 దాటనివ్వను. ఈ పికప్‌కి ఒకటిన్నర ఇంచు, అంటే 38 మి.మీ. పైపు వేసినా 68 మీటర్లే వస్తుంది. రెండించులది ఎంత సుఖంగా ఉందో చూడండి.

మరి 63కి పెంచితే లాభం? మీటరున్నర పైపు, రెండుమూడు బెండ్లు వేసుకుని లెక్క కడితే 50 మి.మీ. పైపులో ఒత్తిడి నష్టం సుమారు 0.02 బార్. 63లో 0.008. అంటే మిగిలేది బార్‌లో నూరో వంతు. 76 వేస్తే ఇంకో అర నూరో వంతు. 1.2 బార్ బూస్ట్‌లో ఇది చేతికి తెలియదు, కాలికి తెలియదు. పైగా కంప్యూటర్ ఉన్న బండి బూస్ట్ సెన్సర్ చూసుకుని ఆ నూరో వంతుని తనే సర్దుకుంటుంది.

నష్టం వైపు చూడండి. రెండు మీటర్ల 50 మి.మీ. పైపులో పట్టే గాలి దాదాపు 4 లీటర్లు, 76 పైపులో 9 లీటర్లు. బూస్ట్ ఎక్కేముందు టర్బో ఆ అదనపు ఐదు లీటర్ల ఖాళీని కూడా నింపాలి. ఇది కొంపలు మునిగేంత ఆలస్యం కాదు, సెకనులో ఏ ఐదో వంతో. కానీ వచ్చిన లాభం అంతకన్నా చిన్నది కదా.

మీ బండికి లెక్క వేసే ఓపిక లేకపోతే ఒక మోటు అంచనా: 150 హార్స్ పవర్ లోపు బండికి 50 మి.మీ. చాలు. 250 దాకా 57. 400 దాకా 63. ఆపైన 76. మన రోడ్ల మీద తిరిగే డీజిల్ కార్లు, పికప్‌లు చాలావరకు మొదటి వరసలోకే వస్తాయి. కంపెనీ ఇచ్చిన సైజుని మార్చాల్సిన అవసరం టర్బోనే పెద్దది వేసినప్పుడు వస్తుంది, పైపు చీలినప్పుడు కాదు.

పైపు లావైతే జాయింటు మీద లాగుడు ఎంతో తెలుసా

ఇది అసలు సంగతి. పైపులో ఒత్తిడి ఉన్నప్పుడు అది జాయింటుని విడదీయాలని చూస్తుంది. ఆ బలం వైశాల్యాన్ని బట్టి పెరుగుతుంది, వ్యాసాన్ని బట్టి కాదు. 1.2 బార్ దగ్గర 50 మి.మీ. పైపు మీద 24 కిలోల లాగుడు. ఇంట్లో తెచ్చుకునే 25 కిలోల బియ్యం బస్తా ఆ హోస్‌కి వేలాడుతున్నట్టు. 63 పైపుకి 38 కిలోలు. 76 పైపుకి 55 కిలోలు, సిమెంటు బస్తా కన్నా ఎక్కువ. మీరు యాక్సిలేటర్ తొక్కిన ప్రతిసారీ ఆ సిమెంటు బస్తా వేలాడుతుంది, వదిలిన ప్రతిసారీ దిగుతుంది.

ఆ పికప్‌కి మూడించుల పైపు వేసినవాళ్ళు పైపు చివర బీడింగ్ కొట్టలేదు. బీడింగ్ అంటే చివర చుట్టూ ఉబ్బి ఉండే చిన్న గట్టు. అది లేని నున్నటి స్టీలు మీద, లోపల ఆయిల్ తడితో, సిలికాన్ హోస్ సబ్బు మీద చెయ్యిలా జారుతుంది. క్లిప్పు ఎంత బిగించినా హోస్ నలుగుతుందే కానీ పట్టు దొరకదు.

మేము పైపు మార్చకముందు ఓనరుకి ఒకటి చూపించాం. ఊడిన చివర తుడిచి, బీడ్ లేకుండానే హోస్ ఎక్కించి క్లిప్పు బిగించి, కంప్రెసర్ గాలి నెమ్మదిగా పెట్టాం. ఒక బార్ దగ్గరకి వచ్చేసరికి హోస్ కొంచెం కొంచెంగా వెనక్కి జరగడం కళ్ళముందు కనబడింది, ఒక మిల్లీమీటరు, ఇంకో మిల్లీమీటరు. ఊడేదాకా ఆగకుండా గాలి వదిలేశాం. మూడించుల పైపు మీద ఆయనకున్న మోజు అక్కడితో తీరింది.

ఏ లోహం, ఏ రబ్బరు

ముందు ఒక అపోహ తీసేద్దాం. అల్యూమినియం పైపు వేస్తే గాలి చల్లబడుతుందని, స్టీలు వేస్తే వేడెక్కుతుందని చెబుతారు. సెకనుకి 39 మీటర్లు పోయే గాలి మీటరు పైపులో ఉండేది సెకనులో నలభయ్యో వంతు. అంతలో అది ఏ లోహంతోనూ చెప్పుకోదగ్గ వేడి ఇచ్చిపుచ్చుకోదు. చల్లబరిచే పని ఇంటర్‌కూలర్‌ది. లోహాన్ని బరువు, తుప్పు, వెల్డింగ్ ఎంత బాగా వస్తుందన్నది చూసి ఎంచుకోండి.

అల్యూమినియం నా మొదటి ఎంపిక. 6061 లేదా 6063 గ్రేడ్, 2 మి.మీ. మందం. 50.8 ట్యూబ్ మీటరుకి 830 గ్రాములే తూగుతుంది. అదే 1.6 మి.మీ. ఎస్‌ఎస్, అంటే స్టెయిన్‌లెస్ స్టీలు, అయితే రెండు కిలోల దగ్గర. బరువు ఎందుకు చూడాలంటే, పైపు బరువంతా రెండు హోసుల మీద ఊగుతూ ఉంటుంది. తుప్పు రాలదు. తిరకాసల్లా వెల్డింగే. ఆర్గాన్ వెల్డింగ్ కావాలి, అదీ ఏసీ మిషన్ మీద, అల్యూమినియం మీద చెయ్యి తిరిగినవాడు. ఫిల్లర్ రాడ్ 4043 వాడమనండి. 5356 అనేది కూడా అందరి దగ్గరా ఉంటుంది, గట్టిదే, కానీ అది 65 డిగ్రీలు దాటిన చోట ఎప్పుడూ ఉండే పనికి తగదు. మన వేడి వైపు 150.

ఎస్‌ఎస్ 304 మంచిదే, గట్టిది, మెరుస్తుంది. రెండు జాగ్రత్తలు. ఒకటి, గేట్లు, రెయిలింగుల కోసం వచ్చే 202 గ్రేడ్‌ని 304 అని అంటగడతారు. అయస్కాంతం పెట్టి చూస్తే తెలుస్తుందని అంటారు కానీ, తెలియదు. రెండిటికీ అంటుకోదు, వంచిన చోట 304కే కొంచెం అంటుకోవచ్చు కూడా. టెస్టింగ్ చుక్కల మందు ఉన్న షాపులో కొనండి, లేదా బిల్లు మీద గ్రేడ్ రాయించుకోండి. రెండు, వెల్డింగ్ చేసేటప్పుడు పైపు లోపల కూడా ఆర్గాన్ నింపాలి. నింపకపోతే లోపలి వైపు జాయింటు నల్లగా, మాడిన బెల్లం పాకంలా పొక్కులు కడుతుంది. ఆ పొక్కులు రాలితే ఇంటర్‌కూలర్‌లోకి, అదృష్టం బాగోకపోతే ఇంజన్‌లోకి పోతాయి.

ఎమ్మెస్ పైపు, అంటే మామూలు ఇనుము, చవక. ఏ వెల్డరైనా అతికిస్తాడు. వేడి వైపు పొట్టి ముక్కకి పర్వాలేదు. చల్ల వైపు వద్దు. వానాకాలంలో ఇంటర్‌కూలర్ దాటాక తేమ నీరై లోపల నిలుస్తుంది, తుప్పు పొలుసులు కడుతుంది, ఆ పొలుసులకి ఇంజన్‌కి మధ్య ఇంక ఫిల్టర్ ఏదీ లేదు. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక ఎమ్మెస్ పైపు ఆర్క్ వెల్డింగ్ చేసి, లోపల గింజలు గీకకుండా బిగించేశాను. మా మేస్త్రి పైపు విప్పించి, తెల్ల కాగితం మీద బోర్లించి సుత్తితో రెండు తట్లు తట్టాడు. కాగితం మీద ఆవగింజల్లా పడ్డాయి. ఏమీ అనలేదు, కాగితం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ఏ పైపైనా బిగించేముందు కాగితం మీద తట్టి చూస్తాను. మీరూ తట్టండి.

కంపెనీ ప్లాస్టిక్ పైపుని తక్కువ చేయకండి. దాని మీద ఎక్కడో చిన్న అక్షరాల్లో పీఏ66 జీఎఫ్30 లాంటిది అచ్చు వేసి ఉంటుంది: గాజునార 30 శాతం కలిపిన నైలాన్ అని అర్థం. తేలిక, తుప్పు లేదు, ఏళ్ళ తరబడి వస్తుంది. ముసలిదై చీలితే అతికించకండి, ఎమ్‌సీల్ వారం ఆగుతుంది, అంతే. కొత్తది దొరికితే అదే వేయండి, దొరకకపోతేనో మరీ ధర ఉంటేనో అల్యూమినియం చేయించండి.

నీళ్ళ పీవీసీ పైపు గురించి చెప్పాల్సి రావడం సిగ్గుచేటు, కానీ చూశాను కాబట్టి చెబుతున్నాను. పీవీసీ 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. వద్దు.

హోసుల దగ్గర ఎరుపా నీలమా అన్నది రంగు మాత్రమే. కోసిన అంచు చూడండి, లోపల గుడ్డ పొరలు లెక్కపెట్టండి. వేడి వైపు నాలుగు పొరలకి తగ్గకూడదు. మామూలు సిలికాన్ 180 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, కానీ ఆయిల్‌కి ఉబ్బుతుంది, చెమర్చుతుంది. లోపల ఫ్లోరోసిలికాన్ పొర ఉన్నది అడగండి, లోపలి రంగు వేరుగా కనిపిస్తుంది సాధారణంగా. ధర ఎక్కువే, వేడి వైపు మాత్రం అదే వేయండి. విజయవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో హోసుల షాపులు చాలా ఉన్నాయి, ముక్క చేతిలో పెట్టుకుని కోసిన అంచు చూసి కొనవచ్చు.

అర్జంటుకి రేడియేటర్ హోస్ ముక్క వేసుకుని ఇల్లు చేరడం వేరు, దాంతోనే తిరగడం వేరు. రేడియేటర్ హోస్ రబ్బరు నీళ్ళకి చేసింది. ఆయిల్ తగిలితే నెలలో తడిసిన అప్పడంలా అయిపోతుంది.

జాయింటు కట్టే పద్ధతి

పైపు చివర బీడింగ్ తప్పనిసరి. బీడింగ్ మిషన్ లేకపోతే చివర చుట్టూ సన్నగా వెల్డింగ్ చుక్కలు వేసి, ఆకురాయితో నున్నగా చేయించండి. పదునుగా వదిలేస్తే హోస్ లోపలి పొరని కోస్తుంది. హోస్ పైపు మీదికి కనీసం 30 మి.మీ. ఎక్కాలి. క్లిప్పు బీడ్ మీద కాదు, బీడ్ దాటాక వెనక వైపు కూర్చోవాలి. హోస్ అంచుకీ క్లిప్పుకీ మధ్య నాలుగైదు మిల్లీమీటర్లు వదలండి.

గీతల స్క్రూ క్లిప్పు, మనం రేడియేటర్‌కి వాడేది, సిలికాన్‌కి పనికిరాదు. ఆ గీతల సందుల్లోకి మెత్తటి సిలికాన్ దిగి తెగుతుంది. టీ బోల్ట్ క్లాంప్, అంటే టీ ఆకారపు బోల్టుతో బిగించే నున్నటి పట్టీ, తీసుకోండి, హోస్ బయటి వ్యాసానికి సరిపడే సైజు. 51 హోస్ బయట 60 దగ్గర ఉంటుంది, క్లాంప్ 51కి కొంటే ఎక్కదు. ఎక్కించేటప్పుడు హోస్‌లో గ్రీజు, ఆయిల్ రాయకండి. నీళ్ళు చాలు, ఆరిపోతాయి. పైపు చివర, హోస్ లోపల థిన్నర్ గుడ్డతో తుడిచి ఆరనిచ్చాకే ఎక్కించండి.

ఇంజన్ ఊగుతుంది, ఇంటర్‌కూలర్ బాడీకి బిగించి కదలకుండా ఉంటుంది. రెండిటి మధ్య ఎక్కడో ఒకచోట ఊగుడు తీసుకునే హోస్ ఉండాలి. మధ్యలో ఉబ్బు ఉన్న హంప్ హోస్ అందుకే. కానీ హంప్ హోస్ ఒత్తిడికి పొడవు సాగుతుంది కూడా, కాబట్టి పైపుకి ఒక బ్రాకెట్ వెల్డింగ్ చేయించి, రబ్బరు బుష్ పెట్టి ఇంజన్‌కే బిగించండి. బ్రాకెట్ ఉంటే ఆ బియ్యం బస్తా బరువు బోల్ట్ మీద పడుతుంది, హోస్ మీద కాదు.

బెండ్లు మాండ్రెల్ బెండ్లు తీసుకోండి, వంగిన చోట నొక్కుకుపోనివి. సైలెన్సర్ షాపులో ప్రెస్ మీద వంచితే లోపలి వైపు నలిగి, 50 పైపు అక్కడ 40 అయి కూర్చుంటుంది. అప్పుడు మీరు వేసిన లెక్కంతా వృథా. పాత బూస్ట్ సెన్సర్ మూతి పైపు మీదే ఉంటే, కొత్తదాని మీద కూడా అదే కొలతతో, అదే కోణంలో రావాలి. పైపు కోసేముందే చూసుకోండి.

పరీక్ష

ఎయిర్ ఫిల్టర్ వైపు టర్బో మూతికి ఒక మూత బిగించి, దానికి టైరు వాల్వు పెట్టి గాలి నింపాలి. అంతకంటే ముందు ఇంజన్ బ్రీదర్ గొట్టం తీసి, టర్బో వైపు రంధ్రం మూసేయండి. మరిచిపోతే గాలి క్రాంక్ కేసులోకి పోయి ఆయిల్ సీళ్ళు తంతుంది. ఒక బార్ దాటనివ్వకండి, జాయింట్లకి ఎదురుగా నిలబడకండి. సబ్బు నీళ్ళు ప్రతి జాయింటు మీదా, వెల్డింగ్ మీదా పోయండి. బుడగ వచ్చిన చోట పని మిగిలినట్టు.

పొగ వైపు పైపు

డౌన్‌పైప్‌లో డీజిల్‌కి కూడా పొగ 400 నుంచి 600 డిగ్రీల దాకా ఉంటుంది, పెట్రోల్ టర్బోకి ఇంకా ఎక్కువ. అల్యూమినియం, సిలికాన్ మాటే లేదు. 304 ఎస్‌ఎస్, 1.5 మి.మీ. మందం, మధ్యలో ఊగుడుకి ఫ్లెక్స్ బెలోస్. ఇక్కడ మాత్రం సైజు పెంచితే టర్బోకి నిజంగా ఊపిరి ఆడుతుంది, టర్బైన్ వెనక అడ్డు ఎంత తగ్గితే అంత మంచిది. కానీ ఆ దారిలోనే క్యాటలిటిక్ కన్వర్టర్, 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 డీజిల్ బండ్లలో డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టర్) కూడా ఉంటాయి. వాటిని తీసేసి ఖాళీ పైపు వేస్తామనే వాళ్ళ దగ్గరికి పోకండి. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చనివ్వదు. ఫిట్‌నెస్ దగ్గర, ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది మీదే, పైపు వేసినవాడిది కాదు. పాతది పాడైతే అదే కొలత, అదే కన్వర్టర్‌తో కొత్తది వేయించండి.

మొదటి వెయ్యి కిలోమీటర్లు

కొత్త సిలికాన్ మొదటి వేడికి కొంచెం కూర్చుంటుంది, క్లాంప్ వదులవుతుంది. రెండు రోజులు తిప్పాక, ఇంజన్ చల్లారాక, ప్రతి టీ బోల్ట్‌నీ ఒకసారి చూసుకోండి. పావు చుట్టు తీసుకుంటుంది సాధారణంగా. బలమంతా పెట్టి బిగించకండి, హోస్ క్లాంప్ అంచున ఉబ్బి వస్తే అప్పటికే ఎక్కువైనట్టు.

బిగించిన రోజే ఇంట్లో ఆడవాళ్ళ గోళ్ళరంగు అడిగి తెచ్చుకుని, హోస్ అంచు నుంచి పైపు మీదికి ఒక అడ్డగీత గీయండి, ప్రతి జాయింటుకీ. తర్వాత ఎప్పుడు బానెట్ ఎత్తినా గీత రెండు ముక్కలై మధ్యలో సందు కనిపిస్తే, హోస్ జారడం మొదలుపెట్టిందని అర్థం. ఆ పికప్‌కి 50.8 అల్యూమినియం వేసి ఆరు జాయింట్లకీ గులాబీ రంగు గీతలు గీశాం. మొన్న దసరా ముందు ఆయన ఆయిల్ మార్పించుకోడానికి వచ్చినప్పుడు చూశాను. గీతలు మసిపట్టి ఉన్నాయి, ఒక్కటీ తెగలేదు.